చేతిగుడ్డ

నా వద్ద తెలుగు చదువుకొన్న విద్యార్థి ఒకడు కతోలిక గురువై ఇప్పుడు అమెరికాలో ఉన్నాడు. (ఎంత గురువైనా నాకు శిష్యుడే కనుక ‘నువ్వు’ అనే అంటాను.) మొన్న ఫోనులో అక్కడి ఆచారం ఒకటి చెప్పాడు. గురుపట్టాభిషేకంలో పీఠాధిపతి కొత్త గురువు అరచేతులకు ఓలివు నూనెలో పరిమళద్రవ్యం కలిపిన క్రిస్మా తైలం పూస్తారు. ఆ తైలం తుడిచిన నారవస్త్రాన్ని కొడుకు తల్లికి సమర్పిస్తాడు. ఆమె దానిని దాచుకొంటుంది. ఆమె కన్నుమూసిన నాడు ఆ వస్త్రాన్ని ఆమె చేతుల్లో ఉంచి సమాధి చేస్తారు. దాని పేరు మానుటెర్జియం. లాటినులో ‘మానుస్’ అంటే చేయి, ‘తెర్గేరే’ అంటే తుడుచుట. ఎంత గంభీరంగా వినిపించినా చివరకు చేతిగుడ్డే!

పూర్వం తైలం పూసిన చేతులను గుడ్డతో కట్టేవారు. 1968లో ఆరవ పౌలు పోపు ఆమోదించిన కొత్త క్రమంలో ఆ కట్టు లేదు. తల్లికి ఇమ్మనే విధి కూడా లేదు. అయినా కుటుంబాలు ఆచారాన్ని విడువలేదు. తండ్రికైతే మొదటి పాపసంకీర్తనం విన్నప్పుడు ధరించిన ఊదారంగు స్టోలు ఇస్తారు.

ఆ గుడ్డ చేతబట్టుకొని వెళ్లిన తల్లికి స్వర్గద్వారం తెరచుకొంటుందని ఒక కథ చెబుతారు. నాకు పేచీ దానితోనే. లాటిను సంప్రదాయంలో గురువు సాధారణంగా బ్రహ్మచారి. ఆ తల్లికి ఆ కొడుకు వైపున కోడలు లేదు, మనుమడు లేడు. ఒక్కగానొక్క బిడ్డ అయితే వంశం అక్కడితో సరి. ఇంత వదులుకొన్న ఆమెకు ఆ గుడ్డ ప్రవేశపత్రమా? కాదు, ఆమె ఇచ్చినదానికి ఆనవాలు. సన్న్యసించిన శంకరులు సైతం నియమాన్ని పక్కనపెట్టి తల్లి ఆర్యాంబకు అంత్యక్రియలు చేశారని మనవారు చెప్పుకొనే కథలోనూ తల్లి ఋణం తీరదన్న ఎరుకే ఉన్నది.

“మరి మీ అమ్మగారికి ఇచ్చావా?” అని అడిగాను. కాసేపు మాట లేదు. తన అభిషేకం ఇక్కడే జరిగిందట, అప్పటికి ఈ ఆచారం తెలియదట. ఆ గుడ్డను గుడిబట్టలతో కలిపి ఎవరో ఉతికేసి ఉంటారన్నాడు. ఆవిడకు డెబ్బయి దాటాయి, ఊళ్లో ఒంటరిగా ఉంటున్నది.

“గుడ్డ పోతే పోనీ, ఆ చేతులతో నువ్వే వచ్చి నాలుగు రోజులు ఇంట్లో ఉండు” అన్నాను.

“అలాగే మాస్టారూ” అన్నాడు. టిక్కెట్టు కొన్నాడో లేదో ఇంకా కబురు లేదు.