జపాన్ కబుర్లు: దేవుళ్ళకు హోదా ఇచ్చిందెవరు?

ఇక్కడ షింతో గుళ్ళను జింజాలంటారని మనందరికీ తెలుసు. సెలవుల్లో పిల్లలతో జింజాలకు బయలుదేరే మనవాళ్ళు నన్ను తరచుగా అడిగే ప్రశ్న, "అన్నిటికన్నా పెద్ద గుడి ఏది?" అని. సూర్యదేవత అమతెరసు కొలువున్న ఇసే అని ఎవరైనా చెబుతారు. మరి మిగతావాటి వరుస ఎవరు పెట్టారు? ఈసారి ఆ కబుర్లు.

927లో పూర్తయిన 'ఎంగిషికి' అనే రాజశాసన గ్రంథంలో 2,861 గుళ్ళ జాబితా ఉంది. వాటిలో 573 గుళ్ళకు కానుకలు రాజధాని నుంచే వెళ్ళేవి. మిగిలిన 2,288 గుళ్ళకు ఆయా ప్రాంతాల అధికారులు ఇచ్చేవారు. కానుకల కోసం దూరప్రాంతాల పూజారులు రాజధానిదాకా నడిచి రావడం కష్టమని 798లో ఈ ఏర్పాటు మొదలైంది.

తర్వాత రాజుల పట్టు సడలింది. 1081 నాటికి ఆస్థానం ప్రత్యేకంగా కానుకలు పంపే గుళ్ళు 22 మాత్రమే. అవి చాలావరకు క్యోటో చుట్టుపక్కలవే. ప్రాంతాల్లో ప్రజలు తమ మొదటి గుడిని 'ఇచినోమియా' అన్నారు. ఐచిలోని ఇచినోమియా నగరానికి ఆ పేరు అక్కడి మసుమిద గుడి వల్లే వచ్చింది.

పిల్లలూ, ఇంకో తమాషా! ఉద్యోగులకు ఇచ్చినట్టే దేవుళ్ళకూ ఆస్థానం ప్రమోషన్లు ఇచ్చేది. క్యోటోలోని ఫుషిమి ఇనారి దేవుడికి 942లో అన్నిటికన్నా పైమెట్టు, 'షో ఇచి-ఇ' దక్కింది. నక్క బొమ్మలుండే చిన్న ఇనారి గుళ్ళ దగ్గర ఎర్ర జెండాలు చూశారా? చాలావాటి మీద ఆ హోదా ఇప్పటికీ రాసి ఉంటుంది.

1871లో మెయిజి ప్రభుత్వం కొత్త వరుస పెట్టింది. ఇసేను అన్ని మెట్లకూ పైన ఉంచి, మిగతా గుళ్ళకు తరగతులు వేసింది. పూజ ప్రభుత్వ వ్యవహారమైంది. చక్రవర్తి కోసం ప్రాణమిచ్చిన వీరుల గుళ్ళకని 1872లో ఒక ప్రత్యేక తరగతి కూడా వచ్చింది. భక్తి, రాజభక్తి ఒకటే అని బడిపిల్లలకు నేర్పిన కాలమది. ఆ దారి యుద్ధందాకా వెళ్ళింది. యుద్ధం ముగిశాక, 1945 డిసెంబరులో గుళ్ళకు ప్రభుత్వ పోషణ ఆగింది. 1946లో తరగతులు రద్దయ్యాయి.

గుడి ముందు పేరు చెక్కిన రాతి స్తంభాన్ని ఈసారి ఆగి చూడండి. కొన్నిచోట్ల పేరుకు పైన సిమెంటు పూసిన ముక్క కనిపిస్తుంది. దాని కింద ఉన్నది పాత హోదా. కంజి చదవడంలో మనకన్నా పిల్లలే ముందుంటారు కాబట్టి, ఆ పని వాళ్ళకే అప్పగించండి.

నాకు మాత్రం ఆ సిమెంటు ముక్క ముందు నిలబడితే ఒకటే అనిపిస్తుంది. హోదా ఇచ్చిన ప్రభుత్వమూ పోయింది, హోదా కూడా పోయింది. ఏ జాబితాలోనూ చేరని మన వీధి చివర గుడికి మాత్రం జనవరి 1న పొద్దున్నే జనం వస్తూనే ఉన్నారు. "ఏది పెద్ద గుడి?" అని పిల్లలు అడిగితే, "పెద్దదని ఎవరన్నారు, ఎందుకన్నారు?" అని కూడా అడగడం నేర్పుదాం.

వచ్చే సంచికలో మళ్ళీ కలుద్దాం. సెలవు.