పిల్లల్ని ఇంట్లోనే చదివిస్తే కేసు పెడతారా?

జూన్ వచ్చిందంటే బడిబాట. సర్కారు బడి టీచర్లు శామీర్‌పేట, తూంకుంట, అలియాబాద్ వీధుల్లో ఇల్లిల్లూ తిరుగుతూ 'మీ పాప ఏ స్కూల్లో చదువుతోంది?' అని అడుగుతారు. 'ఏ స్కూల్లోనూ లేదండీ, ఇంట్లో మేమే చెప్తున్నాం' అని మీరన్నారనుకోండి. సర్కారుకు తెలిసిన పిల్లలు రెండే రకాలు: బడిలో ఉన్నవాళ్లు, బడి బయట ఉన్నవాళ్లు. మీ పాప రెండో లెక్కలోకి వెళ్తుంది.

అయితే కేసు పెడతారా? పెట్టరు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం పదో సెక్షన్ ప్రకారం, 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని దగ్గర్లోని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత. చేర్పించకపోతే వాళ్లకు జరిమానా, జైలు అని ఆ చట్టంలో ఎక్కడా లేదు. గేటెడ్ కమ్యూనిటీలో పది మంది పిల్లల్ని పోగేసి, టీచర్‌ని పెట్టి, ఫీజులు తీసుకుంటే మాత్రం కథ వేరు. గుర్తింపు లేని స్కూలు నడుపుతున్నారని అంటే లక్ష రూపాయల వరకు జరిమానా, ఆపకపోతే రోజుకు 10 వేల వరకు పడొచ్చు.

శిక్ష లేదు కదా అని అనుమతి ఉన్నట్టూ కాదు. 2012లో ఢిల్లీ హైకోర్టు ముందు కేంద్రం, ఇంటి చదువుకు ఈ చట్టం అడ్డు కాదని ఒకసారి చెప్పి, తర్వాత ఆ మాట వెనక్కి తీసుకుంది. జర్మనీలో ఇంటి చదువు కుదరదు, ఇంగ్లండ్‌లో కుదురుతుంది. మన దగ్గర అవుననీ లేదు, కాదనీ లేదు.

నిజానికి పదో సెక్షన్ రాసింది విల్లాల్లో ఉండేవాళ్ల కోసం కాదు, ఇటుక బట్టీకి వెళ్తున్న పిల్లాడి కోసం. అందులో జరిమానా పెట్టి ఉంటే ముందు కట్టాల్సి వచ్చేది ఆ కూలి తల్లే. కాబట్టి శిక్ష లేకపోవడమే మంచిదైంది. నమోదు కూడా లేకపోవడం మాత్రం మంచిది కాదు. ఇంట్లో ఉన్న పిల్లకు చదువు అందుతోందో లేదో అడిగే నాథుడు లేడు.

ఇక సాయం సంగతి. మధ్యాహ్న భోజనం, ఉచిత పుస్తకాలు, యూనిఫాం అన్నీ బడి రిజిస్టర్‌లో పేరున్నవాళ్లకే. మినహాయింపు ఒక్కటే. తీవ్ర వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్న పిల్లలు ఇంటి దగ్గరే చదువుకునే హక్కును 2012 సవరణ ఇచ్చింది. తెలంగాణలో ఇది భవిత కేంద్రాల ద్వారా నడుస్తుంది. వాటి రిసోర్స్ పర్సన్లు ఇంటికొచ్చి నేర్పుతారు. మీ ఇంట్లో అలాంటి బిడ్డ ఉంటే మండల విద్యాధికారి ఆఫీసుకు వెళ్లి పేరు రాయించండి. అడగకపోతే ఎవరూ రారు.

మిగతావాళ్లకు దారి ఓపెన్ స్కూలే. జాతీయ సంస్థ ఎన్ఐఓఎస్‌లో గానీ, మన రాష్ట్ర టాస్‌లో గానీ పదో తరగతికి 14 ఏళ్లు నిండితే చాలు. ఈ సర్టిఫికెట్‌తో నీట్ రాయనివ్వరన్న నిబంధనను 2018లోనే ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది.

మధ్యలో మనసు మారి బడికి పంపాలనుకుంటే? నాలుగో సెక్షన్ చూపించండి. ఇంతవరకు బడి ముఖం చూడని పిల్లనైనా వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చుకోవాలి, వెనకబడితే ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. ప్రైవేటు స్కూళ్లు సీట్లు లేవనొచ్చు, సర్కారు బడి ఆ మాట అనడానికి వీల్లేదు. వయసు తేల్చడానికి జనన ధ్రువపత్రం పనికొస్తుంది కాబట్టి దాన్ని ముందే తీసిపెట్టుకోండి.