ఇంటి కంప్యూటర్‌కు అడ్మిన్ ఎవరు?

ఇంటి కంప్యూటర్‌లో అక్కర్లేని సాఫ్ట్‌వేర్ తీసేద్దామని అన్‌ఇన్‌స్టాల్ నొక్కితే ఒక్కోసారి తెర మీద చిన్న పెట్టె ప్రత్యక్షమవుతుంది. దీన్ని తీసేందుకు మీకు తగినంత అనుమతి లేదు, మీ సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌ను సంప్రదించండి అని అందులోని సందేశం. హైటెక్ సిటీలో ఏ ఆఫీసులోనో అయితే ఈ సలహా పనికొస్తుంది, ఫోన్ చేస్తే ఐటీ విభాగం పలుకుతుంది. వికారాబాద్ జిల్లా మర్పల్లిలో డిగ్రీ చదివే అమ్మాయి ఇంట్లో వాడుకునే కంప్యూటర్ ఇదే మాట అంటే ఆమె ఎవరిని సంప్రదించాలి? విండోస్ ఎక్కించి, మొదటి అకౌంట్ షాపు పేరుతో తెరిచి, దాని పాస్‌వర్డ్ చెప్పకుండా సీపీయూ అప్పగించినవారే అక్కడ అడ్మినిస్ట్రేటర్. ఆ ఒక్క పాస్‌వర్డ్ కోసం సీపీయూ మోసుకుని వికారాబాద్‌కో తాండూరుకో పోవాలి. సొమ్ము ఇంటివాళ్లది, అధికారం షాపుది. ఇంట్లో ఎదురయ్యే అనుమతి చిక్కుల్లో చాలావాటికి మూలం ఇదేననీ, అమ్మకం రోజే దీన్ని సరిదిద్దాలనీ నా వాదన.

అనుమతి అడగడం తప్పని నేను అనడం లేదు. 2007 జనవరిలో విండోస్ విస్టా మార్కెట్లోకి వచ్చేదాకా ఇళ్లలో విండోస్ వాడేవారు దాదాపు అందరూ అడ్మిన్ హోదాలోనే ఉండేవారు. వాళ్లు తెరిచిన ప్రతి ప్రోగ్రామ్‌కూ, పెన్‌డ్రైవ్‌లో దూరి వచ్చిన వైరస్‌తో సహా, అదే హోదా దక్కేది. విస్టాతో యూజర్ అకౌంట్ కంట్రోల్ వచ్చింది. అప్పటినుంచి ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లోగానీ, రిజిస్ట్రీలో అందరికీ సంబంధించిన భాగంలోగానీ మార్పు చేయాలంటే తెర మసకబారి ప్రశ్న వస్తుంది. అడ్మిన్ అకౌంట్‌లో ఉంటే అవునా కాదా అని అడుగుతుంది, మామూలు అకౌంట్‌లో ఉంటే అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది. సాఫ్ట్‌వేర్ తీసేయాలంటే సాధారణంగా ఈ రెండు చోట్లా చెయ్యి పెట్టాల్సిందే. కాబట్టి రోజూ వాడే అకౌంట్ మామూలుది అయి, అడ్మిన్ పాస్‌వర్డ్ తెలియకపోతే పని అక్కడితో ఆగిపోతుంది. అదే పాస్‌వర్డ్ తెలిసి ఉంటే చాలా సందర్భాల్లో రెండు నిమిషాల పని.

వేరే కారణాలూ ఉన్నాయి. ఇన్‌స్టాల్ అవుతుండగా కరెంటు పోతే తీసేసే ఫైలు సగంలో చెడిపోవచ్చు. అప్పుడు అదే వెర్షన్‌ను మళ్లీ ఎక్కించి తీస్తే తరచూ వచ్చేస్తుంది, లేకుంటే ఇన్‌స్టాల్, అన్‌ఇన్‌స్టాల్ చిక్కుల కోసం మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ట్రబుల్‌షూటర్ ఉంది. తీయాల్సిన ప్రోగ్రామ్ వెనకాల నడుస్తూ ఉంటే కంప్యూటర్ రీస్టార్ట్ చేసి ప్రయత్నించాలి. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి తీసేయమనే సలహా తరచూ వినిపిస్తుంది గానీ, సేఫ్ మోడ్‌లో విండోస్ ఇన్‌స్టాలర్ సర్వీసే మామూలుగా నడవదు. ఆ సర్వీసు మీద ఆధారపడిన సాఫ్ట్‌వేర్ అక్కడ కదలదు. యాంటీవైరస్‌లు తమను వైరస్‌లు తీసేయకుండా స్వయంరక్షణ పెట్టుకుంటాయి, వాటికి ఆ కంపెనీల సొంత రిమూవల్ టూల్ వాడాలి. ఈ చిట్కాలన్నింటికీ ఒకటే షరతు, అడ్మిన్ అధికారం చేతిలో ఉండాలి. అది లేనివారికి ఇవన్నీ చదువుకోవడానికే.

అధికారం లేనప్పుడు జనం రెండు దారులు తొక్కుతున్నారు, రెండూ నష్టమే. ఒకటి ఫార్మాట్. షాపులో కౌంటర్ మీద సీపీయూ పెట్టగానే వచ్చే మొదటి మాట అదే. ఒక్క సాఫ్ట్‌వేర్ పోవడం కోసం సీ డ్రైవ్ మొత్తం తుడిచేస్తే డెస్క్‌టాప్ మీద దాచుకున్న ఫొటోలు, సర్టిఫికెట్ల స్కాన్లు, పాస్‌బుక్ పీడీఎఫ్‌లు దాంతోపాటే పోతాయి. అను ఫాంట్లలో టైపు చేసిన పాత దరఖాస్తులు డీ డ్రైవ్‌లో మిగిలినా, ఆ ఫాంట్లు యూనికోడ్ కావు కనుక మళ్లీ ఎక్కించేదాకా తెర మీద తెలుగు బదులు పిచ్చి గీతలు కనిపిస్తాయి. ఏదో ఆఫీసు నుంచి సెకండ్‌హ్యాండ్‌లో వచ్చిన మెషీన్ సంగతి వేరు. అందులో పాత కంపెనీ నిఘా సాఫ్ట్‌వేర్, దానికి వాళ్ల పాస్‌వర్డ్ మిగిలి ఉంటే శుభ్రంగా కొత్త విండోస్ ఎక్కించడమే సరైన పని, అదీ కొన్న రోజే చేయించుకోవాలి. రెండో దారి ఇంకా ప్రమాదం. ఎలాగోలా అడ్మిన్‌లోకి దూరి, సీ డ్రైవ్ మొత్తానికి యజమానిగా తమ పేరు పెట్టుకుని, ఎవరీవన్‌కు ఫుల్ కంట్రోల్ ఇచ్చేస్తారు. ఒక మొండి ఫోల్డర్ వరకైతే సరే. ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్ కాపాడే విండోస్ ఫైళ్లకూ అదే చేస్తే అప్‌డేట్లు దెబ్బతినవచ్చు, వైరస్‌కు తలుపులు తెరుచుకుంటాయి.

తీసేసే హక్కు చిన్న విషయమని కొందరు కొట్టిపారేస్తారు. దేశదేశాల చట్టం అలా అనుకోలేదు. యాడ్ రిమూవ్ ప్రోగ్రామ్స్ జాబితాలో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ లేకుండా చేయడం పోటీని దెబ్బతీసే పనేనని 2001 జూన్‌లో అమెరికా అప్పీళ్ల కోర్టు మైక్రోసాఫ్ట్ కేసులో తేల్చింది. యాప్‌లను వినియోగదారు సులభంగా తీసేయగలిగేలా పెద్ద కంపెనీలు వీలు కల్పించాలన్న యూరప్ డిజిటల్ మార్కెట్ల చట్టం నిబంధన 2024 మార్చి నుంచి వాటికి వర్తిస్తోంది. మన దగ్గర కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబర్‌లో గూగుల్‌కు రూ.1,337.76 కోట్ల జరిమానా వేస్తూ, ఫోన్లలో ముందే వచ్చే తన యాప్‌లను తీసేయకుండా అడ్డుకోవద్దని కూడా ఆదేశించింది. 2023 మార్చిలో అప్పిలేట్ ట్రైబ్యునల్ జరిమానాను సమర్థించి, ఈ ఆదేశాన్ని మాత్రం కొట్టేసింది. సమ్మతి ఇచ్చినంత తేలికగా వెనక్కి తీసుకునే వీలుండాలని అదే ఏడాది మన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం చెప్పింది. సాఫ్ట్‌వేర్‌కూ అదే న్యాయం వర్తించాలి. అయితే ఎంత మంచి చట్టం వచ్చినా మర్పల్లి ఇంట్లో అడ్మిన్ పాస్‌వర్డ్ లేకపోతే ఆ హక్కు కాగితం దాటదు.

ఇంటివాళ్లకు అడ్మిన్ ఇస్తే పిల్లలు కనిపించినదల్లా ఎక్కిస్తారు, వారం తిరక్కుండా వైరస్‌తో మళ్లీ మా దగ్గరికే వస్తారు అని షాపులవాళ్లు అంటారు. ఆ భయంలో నిజం ఉంది. దానికి మందు విండోస్‌లోనే ఉంది: అమ్మానాన్నల చేతిలో ఒక అడ్మిన్ అకౌంట్, పిల్లల రోజువారీ వాడకానికి ఒక మామూలు అకౌంట్. ఇల్లు కట్టిన మేస్త్రీ, దొంగలు పడతారని తాళంచెవి తన దగ్గరే ఉంచుకుంటానంటే ఒప్పుకుంటామా? పెద్దవాళ్లకు కంప్యూటర్ తెలియదు కదా అన్నది ఇంకో అభ్యంతరం. ఏటీఎం పిన్ గుర్తుపెట్టుకుంటున్నవారికి ఒక పాస్‌వర్డ్ దాచుకోవడం చేతకాదనడం వాళ్లను చిన్నచూపు చూడటమే. సందేహం వచ్చినప్పుడు తెలిసినవాళ్లను పిలిచి పాస్‌వర్డ్ తామే కొడితే సరిపోతుంది.

కంప్యూటర్ కొనేవారికి నా విన్నపం ఒకటే. బిల్లు కట్టేముందు షాపులోనే సెట్టింగ్స్ తెరిపించండి. అకౌంట్స్‌లో మీ పేరు కింద అడ్మినిస్ట్రేటర్ అని ఉందో లేదో చూడండి. షాపు అకౌంట్ ఉంటే తీయించేసి, కొత్త పాస్‌వర్డ్ మీరే పెట్టి, ఇంటి పత్రాలతో పాటు రాసి దాచుకోండి. ఇప్పటికే కొన్నవారు రేపే ఆ షాపుకు ఫోన్ చేసి పాస్‌వర్డ్ అడగండి. అది మీకు చెప్పాల్సిన బాధ్యత వాళ్లదే.