సర్దుకుపోవాల్సింది టీ, మనం కాదు

డ్రైవింగ్ రేంజ్‌లో ఎత్తు మారని రబ్బరు టీ పెట్టి, బకెట్ బంతులకి పూర్తి డబ్బులు తీసుకోవడం తప్పు. నా మాట ఇదే. గోల్ఫ్ ఆడనివాళ్లు కూడా కాస్త ఓపిక పట్టి చదవండి. ఇందులో మనలాంటి తెలుగు నేర్చుకునేవాళ్లకి పనికొచ్చే ఒక మాట ఉంది.

ముందు వస్తువు సంగతి. ఇక్కడ టీ అంటే తాగే టీ కాదు. బంతిని నేల నుంచి కాస్త ఎత్తులో నిలబెట్టే చిన్న మేకులాంటిది. కోర్సులో ఆడేటప్పుడు చెక్క టీని గడ్డిలో మనకి కావలసినంత లోతుకి గుచ్చుతాం. రేంజ్‌లో గడ్డి బదులు మ్యాట్ ఉంటుంది. మ్యాట్‌కి ఒక చిల్లు, ఆ చిల్లులో కింద నుంచి దూర్చిన రబ్బరు గొట్టం. దాని ఎత్తు ఎవరో ఎప్పుడో నిర్ణయించేశారు. ఆరడుగుల మనిషి వచ్చినా, మూడో తరగతి పిల్ల వచ్చినా అదే ఎత్తు.

అర అంగుళం తేడాకి ఇంత గొడవా అంటారు. లెక్క చూద్దాం. డ్రైవర్‌ని బంతి వెనక ఆనిస్తే, సగం బంతి క్లబ్ తల పైన కనపడాలని మామూలుగా చెప్తారు. బంతి వ్యాసం 1.68 అంగుళాలు, అందులో సగం 0.84. డ్రైవర్ తల ఎత్తు 2.3 అంగుళాలు అనుకుంటే టీ ఎత్తు సుమారు 1.46 అంగుళాలు ఉండాలి. చిన్న డ్రైవర్ తల 1.9 అంగుళాలే అనుకుంటే 1.06 చాలు. అదే పార్-3లో ఐరన్‌తో కొట్టాలంటే పావు అంగుళం చాలు. ఈ మూడింటికీ ఒకే రబ్బరు గొట్టం ఎలా సరిపోతుంది? పైగా మ్యాట్ అరిగేకొద్దీ గొట్టం ఇంకా పైకి పొడుచుకొస్తుంది. అంటే ఆ ఒక్క ఎత్తు కూడా నిలకడగా ఉండదు.

టీ తక్కువ ఎత్తులో ఉంటే బంతి క్లబ్ ముఖంలో కింది భాగానికి తగులుతుంది. సరిగ్గా పైకి లేవదు, వెనక్కి ఎక్కువ తిరుగుతుంది, దూరం పోదు. ఎక్కువ ఎత్తులో ఉంటే క్లబ్ బంతి కింద నుంచి దూసుకుపోతుంది. తల పైన గీత పడుతుంది, బంతి ఆకాశంలోకి లేచి దగ్గర్లోనే పడుతుంది. బాగా ఆడేవాళ్లు దీన్ని కనిపెట్టేస్తారు. కొత్తవాళ్లు మాత్రం తప్పు తమదే అనుకుంటారు. టీకి తగ్గట్టు భుజం వంచుతారు, చేతులు ఎత్తుతారు. సాధన అంటే ఒకే పని వందసార్లు చేయడం కదా. తప్పు ఎత్తులో వందసార్లు చేస్తే ఆ తప్పే ఒంటికి పడుతుంది.

మా అక్క కూతురికి తొమ్మిదేళ్లు. ఒక రేంజ్‌లో పిల్లల క్లాసుకి వెళ్తుంది. టీ చాలా ఎత్తుగా ఉందని నేను చెప్తే, అక్కడివాళ్లు అదే అలవాటైపోతుందిలెండి అన్నారు. ఫీజు మాత్రం పిల్లల సైజులో లేదు.

ఇది కొత్తగా కనిపెట్టాల్సిన విషయమా? కాదు. ఒకప్పుడు ఆటగాళ్లు తడి ఇసుకని చేత్తో చిన్న కుప్పగా చేసి దాని మీద బంతి పెట్టేవాళ్లు. బోస్టన్‌లో జార్జ్ ఫ్రాంక్లిన్ గ్రాంట్ అనే నల్లజాతి దంతవైద్యుడికి 1899లో చెక్క టీ మీద పేటెంట్ వచ్చింది. 1920లలో విలియం లోవెల్ అనే ఇంకో దంతవైద్యుడు, ఈయనది న్యూజెర్సీ, చెక్క టీలని జనంలోకి తెచ్చాడు. ఇసుక కుప్పలోనూ, చెక్క టీలోనూ ఎత్తు ఆటగాడి చేతిలోనే ఉంది. మ్యాట్ వచ్చాక అది మన చేతిలోంచి పోయింది.

రేంజ్‌వాళ్లు చెప్పే జవాబు నాకు తెలుసు. ఎత్తు మార్చే టీలు విరిగిపోతాయి, జనం ఎత్తుకుపోతారు, మ్యాట్ పాడవుతుంది. సరే, మర తిప్పే రకం విరగొచ్చు. కానీ చెక్క టీని పట్టుకుని ఉండే రబ్బరు హోల్డర్ ఉంది. దాన్ని మ్యాట్ కింద నుంచి బిగిస్తారు, టీని పైకి లాగినా కిందికి నొక్కినా అక్కడే ఆగుతుంది. విరిగితే విరిగేది చెక్క టీ, దాన్ని ఆటగాడే తెచ్చుకుంటాడు. అదీ వద్దంటే మూడు ఎత్తుల రబ్బరు టీలు ఒక బుట్టలో వేసి కౌంటర్ మీద పెట్టండి. కొరియా, జపాన్‌లలో చాలా రేంజ్‌లలో బటన్ నొక్కితే టీ ఎత్తు మారుతుంది. అంత అడగడం లేదు. బుట్ట అడుగుతున్నాను.

ఇప్పుడు ఆ తెలుగు మాట. వస్తువుని మనకి తగ్గట్టు మార్చుకుంటే అది సర్దుబాటు. మనమే వస్తువుకి తగ్గట్టు మారిపోతే అది సర్దుకుపోవడం. రెండూ ఒకే ‘సర్దు’ నుంచి వచ్చాయి, దారులు మాత్రం ఎదురెదురు. పెళ్లిలో చోటు చాలకపోయినా, చుట్టాలింట్లో పరుపు చాలకపోయినా సర్దుకుపోమ్మా అని మనకి చిన్నప్పటి నుంచి చెప్తారు. అక్కడ అది మర్యాద. డబ్బులు కట్టిన చోట, నేర్చుకోవడానికి వెళ్లిన చోట అది మర్యాద కాదు. అక్కడ సర్దుబాటు చేయాల్సింది వాళ్లు.

కాబట్టి ఈసారి రేంజ్‌కి వెళ్తే బకెట్ కొనకముందే అడగండి: టీ ఎత్తు మారుతుందా? మారదంటే, మా హోల్డర్ మేం పెట్టుకోవచ్చా? పిల్లలతో వెళ్తే తప్పకుండా అడగండి. అందరూ అడిగితే బుట్ట వస్తుంది.