వయసు చూస్తున్నరు, బ్రేకులు చూస్తలేరు

పత్తి ఏరే రోజులల్ల పొద్దుగాల ఏ ఊరి తొవ్వ మీదనన్న నిలబడి చూడున్రి. కూలోళ్లను ఎక్కించుకొని పోయే బండ్లల్ల కొత్తది కనపడుడు కష్టం. పదేండ్ల ఆటో, పన్నెండేండ్ల టాటా ఏస్, ఢిల్లీ నుంచి ఎన్‌ఓసీ మీద వచ్చిన తెల్ల ప్లేట్ కారు. మన పల్లె బతుకు సెకండ్ హ్యాండ్ చక్రాల మీద నడుస్తున్నది. గందుకే ఎఫ్‌సీ ముచ్చట పట్నపోళ్లది కాదు, మనది.

ముందుగాల రూల్ ఏం చెప్తున్నదో చూద్దం. పసుపు ప్లేట్ బండికి, అంటే కిరాయికి తిరిగేదానికి, మొదటి 8 ఏండ్లు రెండేండ్లకొకసారి ఫిట్‌నెస్ చూస్తరు. 8 దాటితే ఏటేటా చూస్తరు. తెల్ల ప్లేట్ సొంత కారుకు మాత్రం 15 ఏండ్ల దాక ఈ పరీక్ష లేదు. 15 నిండినంక ఒకసారి చూసి, ఇంకో 5 ఏండ్లకు రిజిస్ట్రేషన్ పొడిగిస్తరు.

ఇప్పుడు ఒకే కంపెనీవి, ఒకే ఏడు తయారైన రెండు కార్లు అనుకోన్రి. రెండిటికీ 12 ఏండ్లు. ఒకటి ట్యాక్సీ, దాని బ్రేకు ఏటేటా చూస్తరు. రెండోది ముగ్గురు ఓనర్లు మారింది, మీటర్ వెనక్కి తిప్పిన్రు, ఇప్పుడు తెల్ల ప్లేట్ మీదనే కిరాయిలు కొడుతున్నది. దాని కిందికి వంగి చూసినోడు లేడు. మూలమలుపు కాడ బ్రేకు పడకపోతే ప్లేట్ రంగు ఎవ్వరినీ కాపాడదు.

ఇగ ఫీజు సంగతి. 15 ఏండ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు ఒకప్పుడు 600 రూపాయలుండె. 2022 ఏప్రిల్ 1 సంది 5,000 చేసిన్రు. 2025 ఆగస్టుల, 20 ఏండ్లు దాటిన కారుకు 10,000 అన్నరు. గ్రీన్ ట్యాక్స్ వేరే. కిరాయి బండి ఎఫ్‌సీ డేట్ దాటితే రోజుకు 50 రూపాయల ఫైన్. ఇంజన్ పని పడి రెండు నెలలు షెడ్డుల ఉన్న బండికి 3,000 దాక అయితది. పైసలు లేక ఆగిన బండి మీదనే పైసలు పెరుగుతున్నయ్.

ఫీజు కడితే బ్రేకు బాగయితదా? కాదు. ఫీజులకు పోయిన ఐదువేలు బ్రేకు షూలకు, టైర్లకు పోవాల్సిన పైసలు. పేదోడి దగ్గర రెండు సంచులుండవు. పాత బండి బంద్ చేయించాలన్న ఆలోచనతోని ఫీజు పెంచితే, అది బంద్ కాదు. ఎఫ్‌సీ లేకుంటనే ఊర్ల నడుమ తిరుగుతది. యాక్సిడెంట్ అయిన రోజు ఇన్సూరెన్స్ కంపెనీ ఆ కాయితం మీదనే కొర్రీ పెడుతది. నష్టపోయేది కూలి తల్లి కుటుంబం.

పరీక్షల పాత బండి ఎక్కడ తప్పుతది? లైట్లు, టైర్లు, స్టీరింగ్ ఆట, సస్పెన్షన్ బుష్‌లు, ఒకదిక్కు గుంజే బ్రేకు, పొగ. వీటిల మస్తు మటుకు మెకానిక్ షెడ్డుల బాగయ్యేవే. బాగుకానిది తుప్పు పట్టిన చాసిస్. గని మా దిక్కు నేను చూసిన కథ ఏందంటే, ఎఫ్‌సీ రోజుకు మంచి టైర్లు కిరాయికి తెస్తరు, సాయంత్రానికి పాతయి మల్ల ఎక్కిస్తరు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూసింది బండినా, కిరాయి టైర్లనా?

మిషన్లతోని చూసే టెస్టింగ్ స్టేషన్లకు కేంద్రం 2021ల రూల్స్ తెచ్చింది. రోలర్ల మీద పెట్టి ఒక్కో చక్రం బ్రేకు ఎంత పడుతదో కొలుస్తరు. మంచిదే. గని అది వంద కిలోమీటర్ల అవతల ఉంటే, ఒకనాటి కిరాయి, డీజిల్ పోగొట్టుకొని ఎంతమంది పోతరు?

ఇంగ్లండ్‌ల కారుకు మూడేండ్లు నిండినంక ఏటేటా ఎంఓటీ అనే పరీక్ష. అక్కడ పాత కారుకని ఫీజు ఎక్కువ లేదు. బండి నంబర్ కొడితే, ఏ ఏడు పాసయింది, ఎందుకు ఫెయిలయింది, అప్పుడు మీటర్ ఎంతుండె, అన్నీ ఫ్రీగ కనపడుతయ్. మన ఎం-పరివాహన్ యాప్‌ల ఎఫ్‌సీ ఏ తారీఖు దాక ఉన్నదో కనపడుతది. బండికి ఏం రోగమున్నదో కనపడదు. గీ ఒక్క తేడాతోని సెకండ్ హ్యాండ్ కొనేటోడు నిండ మునుగుతున్నడు.

ఢిల్లీల 10 ఏండ్లు దాటిన డీజిల్, 15 ఏండ్లు దాటిన పెట్రోల్ బండ్లు తిరగొద్దని గ్రీన్ ట్రిబ్యునల్ 2015ల చెప్పింది, 2018ల సుప్రీంకోర్టు గదే మాట ఖాయం చేసింది. అండ్ల చానా బండ్లు చవుకగ మన దిక్కు దిగినయ్. గవి ఎట్లున్నయో చెప్పే రిపోర్ట్ ఒక్కటి లేకుంట చేతులు మారుతున్నయ్.

గందుకే మనం అడగాల్సినయి మూడు. ఫీజు బండి వయసు మీద కాదు, అందరికీ ఒక్కటే ఉండాలె. ఫెయిలయిన కారణాలు ఆన్‌లైన్‌ల అందరికీ కనపడాలె. తెల్ల ప్లేట్ కారు చేతులు మారినప్పుడల్లా ఒకసారి పరీక్ష కావాలె, ఆ పరీక్ష మండలానికి దగ్గరగ జరగాలె.

అది అయ్యేదాక, తమ్మీ, ఫైనాన్స్ కాయితం మీద సంతకం పెట్టే ముందు మనకు తెలిసిన మెకానిక్‌ను తోలుకపో. పెయింట్ మెరుపు చూడకు. బండి కింద పండుకొని చాసిస్ చూడు, ఖాళీ రోడ్డు మీద బ్రేకు కొట్టి చూడు. రేపు వెనక సీట్ల కూసునేది మీ అవ్వనే కావచ్చు.