ఆంగ్ల పాఠంలో హక్కుల పదజాలం

తెలుగునాట ఉన్నత పాఠశాల విద్యార్థికి 'రైట్' అనే ఆంగ్లపదం కొత్తది కాదు. బస్సులో కండక్టరు రెండుసార్లు 'రైట్' అంటే బండి కదులుతుంది. కవాతులో అదే మాట వినబడితే కుడివైపు తిరగాలి. లెక్కల పుస్తకంలో ఒప్పయిన జవాబు పక్కన ఉపాధ్యాయుడు పెట్టే గుర్తుకూ అదే పేరు. చెవికి ఒకేలా వినిపిస్తూ, వేరొక వర్ణక్రమంతో 'రాయడం' అనే అర్థాన్నిచ్చే మాట మరొకటి ఉంది. ఇన్ని అర్థాలు తెలిసిన తరువాత ఎప్పుడో, సాంఘికశాస్త్ర పుస్తకం తెరిచిన నాడు, ఆ పదానికి 'హక్కు' అనే అర్థం కూడా ఉన్నదని విద్యార్థి తెలుసుకుంటాడు. బతుకులో అన్నింటికన్న ఎక్కువగా అక్కరకు వచ్చే అర్థం అన్నింటికన్న ఆలస్యంగా అందడం ఆలోచించదగిన విషయం.

ఆంగ్లం ఎందుకు నేర్వాలని అడిగితే ఉద్యోగం కోసమని తల్లిదండ్రులు చెబుతారు. అందులో దోషమేమీ లేదు. అయితే ఈ దేశంలో ఆంగ్లం ఉద్యోగభాష మాత్రమే కాదు, న్యాయస్థానాల భాష కూడా. చట్టం మరొక ఏర్పాటు చేసేంతవరకు సుప్రీంకోర్టు, హైకోర్టుల వ్యవహారాలు ఆంగ్లంలోనే సాగాలని రాజ్యాంగంలోని 348వ అధికరణం నిర్దేశిస్తున్నది. 2023లో తెలంగాణ హైకోర్టు ఒక తీర్పును తెలుగులో వెలువరిస్తే అది పత్రికలకు పెద్ద వార్త అయింది. తెలుగు నేలమీద తెలుగు తీర్పు వార్త కావడంలోనే అసలు స్థితి అర్థమవుతున్నది. తన పొలాన్ని గురించో, తన స్వేచ్ఛను గురించో న్యాయమూర్తి ఏమన్నాడో తెలుసుకోవడానికి సామాన్యుడు మరొకరి నోటిమీద ఆధారపడవలసి వస్తున్నది. కాబట్టి హక్కులకు సంబంధించిన ఆంగ్లపదాలను బడిలోనే నేర్పడం అలంకారం కాదు, అవసరం. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుండి ఎదురెదురు పుటల్లో రెండు భాషలతో పాఠ్యపుస్తకాలు వచ్చాయి. తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో 2022-23 నుండి ఆంగ్ల మాధ్యమం ప్రవేశించింది. ఆ పదాలిప్పుడు పిల్లల ముందుకు వచ్చే నిలిచాయి. వాటిని ఎలా పరిచయం చేయాలన్నదే మిగిలిన ప్రశ్న.

సాధారణంగా జరుగుతున్నది ఇది: పాఠం చివర పదాల పట్టిక ఉంటుంది. ఒకవైపు ఆంగ్లపదం, మరొకవైపు తెలుగు అర్థం. విద్యార్థులు దానిని వల్లె వేస్తారు. 'లిబర్టీ' అంటే స్వేచ్ఛ, 'ఈక్వాలిటీ' అంటే సమానత్వం, 'డిగ్నిటీ' అంటే గౌరవం. పరీక్షకు ఇది చాలు. కాని అర్థమని చెప్పిన తెలుగుమాటే విద్యార్థికి అర్థం కాకపోతే ఆ పట్టిక ఒక తెలియని మాటకు బదులు మరొక తెలియని మాటను చేతిలో పెట్టినట్లవుతుంది.

'హక్కు' అనే మాటనే పరిశీలించవచ్చు. అది అచ్చతెలుగూ కాదు, సంస్కృతమూ కాదు. అరబ్బీలో పుట్టి, పారశీక, ఉర్దూ భాషల మీదుగా నవాబుల పరిపాలనతోపాటు తెలుగులో స్థిరపడింది. అర్జీ, ఫిర్యాదు, జప్తు, దస్తావేజు దానికి తోబుట్టువులు. అందుకే పల్లెలో హక్కు అనగానే భూమి గుర్తుకు వస్తుంది, భూమితోపాటు కాగితం గుర్తుకు వస్తుంది. పట్టా ఉన్నవానికే హక్కు. ఈ భావంతో పెరిగిన విద్యార్థి 'హ్యూమన్ రైట్స్' అంటే మానవ హక్కులని చదివినప్పుడు, ఏ కాగితమూ లేకుండా, ఎవరూ రాసి ఇవ్వకుండా, పుట్టుకతోనే వచ్చే హక్కు ఒకటుంటుందన్న ఊహ అతనికి వెంటనే తట్టదు. ఉపాధ్యాయుడు ఆగి వివరించవలసిన చోటు అదే. హిందీలో ఇదే భావానికి 'అధికార్' అనే సంస్కృతపదాన్ని వాడతారు. తెలుగులో అధికారమంటే పెత్తనం. మూలం ఒకటే అయిన మాట ఒక భాషలో పౌరుని చేతిలో, మరొక భాషలో తహసీల్దారు చేతిలో ఉండడం విచిత్రమే.

అయితే మాట లేనంత మాత్రాన భావం లేదనుకోవడం పొరపాటు. నన్నయ తెనిగించిన సభాపర్వంలో ద్రౌపది వేసిన ప్రశ్న అలాంటిదే. ముందుగా తన్ను తాను ఓడిపోయిన భర్తకు భార్యను పణంగా ఒడ్డే అర్హత ఎక్కడిదని ఆమె నిండుసభను నిలదీసింది. భీష్ముడంతటివాడు తడబడ్డాడు. వికర్ణుడు ఆమె పక్షాన మాట్లాడాడు. 'హక్కు' అనే మాట ఎత్తకుండానే హక్కుల ప్రశ్నను అంత సూటిగా అడిగిన సందర్భాలు ప్రాచీన సాహిత్యంలో అరుదు. ఆంగ్ల ఉపాధ్యాయుడు ఆ ఘట్టాన్ని తెలుగులో గుర్తు చేసి, ఆమె ప్రశ్నను ఆంగ్లంలో రాయమంటే, పది పదాల పట్టిక చేయలేని పని ఆ ఒక్క ప్రశ్న చేస్తుంది.

మరొక విశేషం కూడా గమనింపదగినది. పోలీసుఠాణాకు సంబంధించిన ఆంగ్లపదాలు చదువురాని పల్లెవాసికి సైతం చిరపరిచితాలు. అరెస్టు, లాకప్, కేసు, వారంటు, బెయిలు - ఇవి తెలుగుమాటలై ఎంతో కాలమైంది. కాని అరెస్టయిన వ్యక్తికి కారణం చెప్పి తీరాలని, ప్రయాణానికి పట్టే సమయం మినహా 24 గంటలలోగా సమీప మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని, తనకు నచ్చిన న్యాయవాదిని సంప్రదించే హక్కు అతనికున్నదని సాధారణ చట్టాల విషయంలో 22వ అధికరణం చెప్పే మాటలు మాత్రం పల్లెకు చేరలేదు. భయపెట్టే ఆంగ్లం ముందుగా వచ్చింది, కాపాడే ఆంగ్లం పుస్తకంలోనే ఆగిపోయింది. 'అరెస్టు' అనే మాట నేర్పే రోజునే 'గ్రౌండ్స్' అంటే ఈ సందర్భంలో నేల కాదని, కారణాలని కూడా నేర్పితే ఈ లోపం కొంతైనా తీరుతుంది.

పదాలను విడిగా కాక వాక్యంతో కలిపి నేర్పడానికి విశ్వమానవ హక్కుల ప్రకటన చక్కని సాధనం. ఐక్యరాజ్యసమితి సాధారణ సభ 1948 డిసెంబరు 10న పారిస్‌లో దీనిని ఆమోదించింది. అనుకూలంగా 48 దేశాలు ఓటు వేశాయి, 8 దేశాలు తటస్థంగా ఉన్నాయి, వ్యతిరేకించిన దేశం లేదు. 30 అధికరణాల ఈ పత్రం నిర్మాణం ఆశ్చర్యం కలిగించేంత సరళమైనది. చాలా వాక్యాలు 'ఎవ్రీవన్' అనే మాటతోనో, 'నో వన్' అనే మాటతోనో మొదలవుతాయి. ఉండవలసిన వాటికి మొదటిది, జరగకూడని వాటికి రెండవది. విద్యకు, విశ్రాంతికి, స్వేచ్ఛగా అభిప్రాయం చెప్పడానికి 'ఎవ్రీవన్'. బానిసత్వానికి, చిత్రహింసకు, అకారణ నిర్బంధానికి 'నో వన్'.

తెలుగు విద్యార్థి తరచు తడబడేది ఈ రెండవచోటనే. తెలుగులో నిషేధం క్రియలో ఉంటుంది: ఎవరినీ హింసించరాదు. ఆంగ్లంలో అది కర్తతోనే వస్తుంది. తెలుగు పద్ధతిలో ఆలోచించి 'ఎనీవన్ షుడ్ నాట్' అని మొదలుపెట్టే విద్యార్థులు కోకొల్లలు. వ్యాకరణపాఠంలో ఎంత చెప్పినా నిలవని ఈ భేదం బానిసత్వాన్ని నిషేధించే వాక్యంతో చెబితే మనసులో నిలుస్తుంది. అక్కడ తప్పు రాస్తే కేవలం మార్కు పోవడం కాదు, నిషేధమే బలహీనపడుతుందని విద్యార్థి గ్రహిస్తాడు.

ఈ ప్రకటనలోని మొదటి అధికరణానికి ఒక చరిత్ర ఉంది. మానవులందరూ అన్న అర్థంలో ముసాయిదాలో 'ఆల్ మెన్' అని ఉండేది. మానవ హక్కుల సంఘంలో భారత ప్రతినిధిగా ఉన్న హంసా మెహతా దానిపై అభ్యంతరం తెలిపి, 'ఆల్ హ్యూమన్ బీయింగ్స్' అన్న మార్పుకు కారకురాలయింది. పురుషులను మాత్రమే స్ఫురింపజేసే మాటను ఆధారం చేసుకొని స్త్రీలను వెలివేసే దేశాలుంటాయని ఆమె ముందే ఊహించింది. ఒక్క పదం మార్పు. పదజాల బోధన ఎంత పెద్ద పనో చెప్పడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకదు.

ఈ సందర్భంలో తెలుగు వ్యాకరణాన్ని కూడా తరగతిలోకి తేవచ్చు. తెలుగులో ఏకవచనంలో పురుషునికి 'వచ్చాడు' అని ప్రత్యేకమైన క్రియ ఉంది. స్త్రీకి, ఆవుకు, బండికి కలిపి ఒకటే: 'వచ్చింది'. బహువచనంలో మాత్రం స్త్రీ పురుషులిద్దరూ 'వచ్చారు', ఆవులూ బండ్లూ 'వచ్చాయి'. వ్యాకరణవేత్తలు దీనిని మహత్తు, అమహత్తు అనే విభాగంతో వివరించారు. ఒంటరిగా ఉన్న స్త్రీకి ఇవ్వని స్థానాన్ని భాష ఆమె పదిమందిలో కలిసినప్పుడు ఇచ్చిందన్నమాట! కనుక 'ఎవ్రీవన్' అన్న మాటను 'ప్రతివాడు' అని అనువదించడం తగదు. 'ప్రతి ఒక్కరు' అనాలి. ఈ తేడా పదవతరగతి పిల్లలకు అందదని భావించనక్కరలేదు. చెప్పగానే ముందుగా ఆడపిల్లలే పట్టుకుంటారు.

'డిగ్నిటీ' విషయంలో చిక్కు మరొక రకమైనది. తెలుగులో గౌరవం ఒకరు మరొకరికి ఇచ్చేది. పెద్దలకు, గురువులకు, పదవిలో ఉన్నవారికి ఇస్తారు. ఇవ్వకపోతే ఉండదు. ప్రకటనలోనూ, భారత రాజ్యాంగ ప్రవేశికలోనూ ఉన్న ఆ పదం అలాంటిది కాదు. అది ఎవరూ ఇవ్వనవసరం లేనిది, ఎవరూ తీసివేయలేనిది. 'ఆత్మగౌరవం' అన్న మాట కొంత దగ్గరగా వస్తుంది. ఇక్కడ ఆంగ్లపదమే తెలుగుమాటకు కొత్త వెలుగునిస్తున్నది. దీనికి భిన్నంగా 23వ అధికరణం ఉంది. కూలి ఇవ్వకుండా బలవంతంగా చేయించుకొనే పనిని చెప్పడానికి రాజ్యాంగ నిర్మాతలు ఆంగ్లపాఠంలోనే 'బేగార్' అనే ఈ దేశపు మాటను ఉంచారు. తెలుగువారికి అది 'వెట్టి'. తెలంగాణ గ్రామాల చరిత్ర తెలిసిన తాతలున్న ఇంట ఆ పదాన్ని నిఘంటువులో వెదకనవసరం లేదు.

హక్కుల మాటలు నేర్పితే పిల్లలు పెద్దలకు ఎదురు తిరుగుతారని, ముందుగా విధులు నేర్పాలని కొందరు వాదిస్తారు. రాజ్యాంగంలో ప్రాథమిక విధులు ఉన్న మాట నిజమే. 1976లో 42వ సవరణ ద్వారా అవి చేరాయి. వాటినీ నేర్పవలసిందే. కాని హక్కులు తెలియనివాడు వినయవంతుడవుతాడనుకోవడం భ్రమ. వాడు భయస్థుడవుతాడు. వినయం వేరు, దైన్యం వేరు. బడిలో నేర్పే ఆంగ్ల లేఖలను చూస్తే ఈ భేదం ఎంతగా చెరిగిపోయిందో తెలుస్తుంది. సెలవు కావాలన్నా, ధ్రువపత్రం కావాలన్నా 'ఐ బెగ్' అని వేడుకోలుతోనే లేఖ మొదలవుతుంది. తరతరాలుగా అదే నమూనా. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. దాని ప్రకారం దరఖాస్తుదారు కారణం చెప్పనవసరం లేదు. సాధారణంగా 30 రోజులలో, ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించిన సమాచారమైతే 48 గంటలలో జవాబు రావాలి. ఇలాంటి దరఖాస్తును ఆంగ్లంలో రాయడం లేఖా రచనలో భాగం కావాలి. అందులో 'ప్లీజ్' అనే మర్యాద ఉండవచ్చు, 'బెగ్' అనే యాచన అక్కరలేదు.

'ఎంటైటిల్‌మెంట్' అన్న పదం చూడడానికి భయంకరంగా ఉంటుంది. ఉచ్చరించడానికీ కష్టమే. కాని దాని అర్థం మధ్యాహ్నం వేళ పిల్లల పళ్ళెంలోనే ఉంది. వండిన భోజనాన్ని బడిలో పెట్టాలని 2001లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2013 నాటి జాతీయ ఆహార భద్రత చట్టం దానిని పిల్లలకు చట్టబద్ధంగా రావలసినదానిగా చేసింది. ఎవరో దయతలచి పెడుతున్నారన్న భావానికి, రావలసినది వస్తున్నదన్న భావానికి మధ్య ఉన్న దూరమే ఆ పదానికి అర్థం. అన్నంలో పురుగు వస్తే నోరు మూసుకొని తినాలా, చెప్పాలా అన్నది ఆ దూరాన్నిబట్టే నిర్ణయమవుతుంది.

ఈ బోధనలో ఒక జాగ్రత్త తప్పనిసరి. 'డిస్క్రిమినేషన్' అంటే వివక్ష అని చెప్పి, ఉదాహరణ ఇమ్మని ఏ దళిత విద్యార్థినో, వికలాంగ విద్యార్థినో నిలబెట్టడం తగని పని. పాఠం కోసం పిల్లవాని గాయాన్ని పదిమంది ముందు విప్పించే అధికారం ఉపాధ్యాయునికి లేదు. చెప్పదలచుకుంటే ఆ విద్యార్థే చెబుతాడు, చెప్పకుండా ఉండడం కూడా అతని హక్కే. పత్రికలో వచ్చిన వార్తనో, చరిత్రలోని ఘట్టాన్నో తీసుకుంటే పని జరుగుతుంది. అలాగే ఒక్క పాఠంలో నలభై పదాలు కుక్కడం వృథా. సంవత్సరానికి పదిహేను పదాలు చాలు. ప్రతి పదానికీ ఒక క్రియ, ఒక సందర్భం, చట్టంలో అది ఉన్న చోటు తోడు కావాలి.

ఇక పరీక్ష సంగతి. ప్రశ్నపత్రంలో సొంతవాక్యాల ప్రశ్న ఎలాగూ ఉంటుంది. 'రైట్' అన్న పదానికి భారత పౌరులకు హక్కులున్నాయని రాసినవారికి ఇప్పుడు పూర్తి మార్కు దొరుకుతున్నది. దానిని కొద్దిగా మార్చి, వాక్యానికి కర్త 'ఐ' అయి ఉండాలని, ఆ హక్కు దేనికో, దానిని ఎవరిని అడగాలో కూడా అదే వాక్యంలో రావాలని నియమం పెట్టవచ్చు. మార్కు మాత్రం ఒకటి కాదు, రెండు ఇవ్వాలి.