జేబుగడియారముల ప్రదర్శనము

పాత జేబుగడియారములను సేకరించినవారు వానిని పెట్టెలో దాచుటకంటె పదుగురకు జూపుట మేలు. మూడవ సాలార్‌జంగు (1889–1949) సేకరించిన వస్తువులతో 1951లో హైదరాబాదున ప్రదర్శనశాల వెలసినది. అందలి సంగీతగడియారము గంటలు కొట్టువేళ జనులు గుమిగూడుదురు. ఏలయన, అది నడచుచున్నది. నల్లగొండ, పాలమూరులనుండి పోయి చూచిన విద్యార్థు లీసంగతి నెఱుగుదురు.

మూతవేసిన జేబుగడియారము వట్టి వెండిబిళ్ల. వెనుకమూత తెఱచి గాజుక్రింద నుంచినచో లోని పనితనము కానవచ్చును. పెక్కింట బ్యాలెన్సు చక్రము గంటకు 18,000 మారులు కొట్టుకొనును. 1755 ప్రాంతమున థామస్ మడ్జ్ కల్పించిన లీవరు పండ్లచక్రమును ఒక్కొక్క పంటిగా వదలుచుండును.

అయినను, ఎండిన నూనెతో నడపిన యంత్రము అరుగును. కావున శుభ్రపఱచి, క్రొత్తనూనె వేయించిన దానినొక్కదానినే నడుపవలెను, తక్కినవి విశ్రమించవచ్చును. ఆగిన గడియారము యజమాని సంపదను జూపును. నడచునది పనివాని బుద్ధిని జూపును.